క్షమాపణ రాసిచ్చిన మనిషి

నా చిన్నప్పుడు, తొంభైల్లో, ఆగస్టు పదిహేను వచ్చిందంటే మా తాతయ్య చెయ్యి పట్టుకుని రామచంద్రపురం వీధుల్లో నడవడం నాకు భలే గర్వంగా ఉండేది. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో, క్విట్ ఇండియా ఉద్యమంలో, టెలిగ్రాఫ్ తీగలు కోసి జైలుకి వెళ్లొచ్చిన మనిషాయన.

ఒక ఏడాది మా బడిలో జెండా ఎగరేయడానికి ఆయన్నే పిలిచి శాలువా కప్పారు. సభ అయ్యాక ఇంటికి వెళ్తామనుకున్నాను. తాతయ్య మాత్రం నన్ను కాలవగట్టు వెంట నడిపించుకెళ్లి ఒక పెంకుటింటి ముందు ఆగారు. ఆ ఇంటి పెద్దాయన తెల్లవాళ్లకి క్షమాపణ రాసిచ్చి జైల్లోంచి బయటపడ్డాడని ఊళ్లో చెప్పుకునేవారు. అందుకే ఆయన్ని ఏ సభకీ పిలిచేవారు కాదు.

"ఈయన దగ్గరికెందుకు తాతయ్యా?" అన్నాను మెల్లగా.

తాతయ్య గుమ్మం బయటే నిలబడి చెప్పారు. "తీగలు కోసింది మేమిద్దరమే అమ్మా. ముందు వాడు దొరికాడు. రెండోవాడెవడో చెప్పమని పోలీసులు చెయ్యి విరగ్గొట్టారు. నా పేరు చెప్పలేదు. తర్వాత ఊరేగింపులో నేనూ దొరికాను. ఇద్దరం జైల్లో ఉండగా వాళ్లమ్మ చావుబతుకుల్లో ఉందని కబురొచ్చింది. క్షమాపణ రాసిస్తే వదులుతామన్నారు. రాసిచ్చాడు."

"మీరైతే రాసిచ్చేవారా?"

తాతయ్య చెప్పులు విడుస్తూ అన్నారు. "మా అమ్మ నా పసితనంలోనే పోయింది. నాకా పరీక్ష రాలేదమ్మా."

లోపలికెళ్లి తన శాలువా తీసి ఆయనకి కప్పబోయారు. ఆ పెద్దాయన వెనక్కి జరిగారు. "నాకెందుకురా ఇది? నేను రాసిచ్చినోణ్ణి కదా."

"మీ అమ్మ నీ చేతి నీళ్లు తాగి పోయింది. అది చాలు. కదలకుండా కూర్చో."

ఆయన తల వంచుకుని కూర్చున్నారు. తాతయ్య ఆ శాలువా చిన్నపిల్లాడికి కప్పినట్టు భుజాల చుట్టూ సర్ది, పక్కనే చతికిలబడి, "కాఫీ ఇప్పించరా" అన్నారు. కాఫీ వచ్చేసరికి, ఆ రోజు స్తంభం ఎక్కడానికి ముందు భయపడింది ఎవరని ఇద్దరూ పోట్లాడుకుంటున్నారు. వాళ్లు అంతలా నవ్వుతుంటే నేను నోరెళ్లబెట్టి చూస్తూ ఉండిపోయాను.

మరుసటి ఏడు బడివాళ్లు పిలవడానికొస్తే, "వాడొస్తేనే నేనూ వస్తానండి" అన్నారు తాతయ్య. జెండా తాడు ఇద్దరూ కలిసి లాగారు.

ఇప్పటికీ ఫలానా మనిషి వెనకడుగు వేశాడని ఎవరైనా తేలిగ్గా మాట్లాడితే నాకు తల ఊపబుద్ధి కాదు. అప్పుడు ఇంటి దగ్గర ఆ మనిషి కోసం ఎవరు ఎదురుచూస్తున్నారో తెలుసుకోవాలనిపిస్తుంది.