మావయ్య తుడిచిన నల్ల కారు

నల్ల కారు కొనొద్దని నాకు చెప్పనివాళ్ళు లేరు. ఈ ఊళ్ళో నల్ల కారేమిటి, పొద్దున్న కడిగితే ఉక్కు కార్ఖానా దుమ్ముకి మధ్యాహ్నానికి ఎర్రబడిపోతుంది అన్నారు స్కూల్లో తోటి టీచర్లు. వెండి రంగు తీసుకో, దుమ్ము కనపడదు అన్నారు మా ఆయన. నేను ఎవరి మాటా చెవిన పెట్టలేదు. పద్దెనిమిదేళ్ళు ఆటోల్లో నలుగురి మధ్య ఇరుక్కుని, స్కూటర్ వెనక సీట్లో తడిసి, ఆఖరికి నా జీతంతో, నా పేరు మీద కొనుక్కున్న మొదటి వస్తువు అది. నలుపే కావాలనుకున్నాను, నలుపే తెచ్చుకున్నాను. తర్వాత పడ్డ అవస్థంతా రంగు వల్లే అని చాలాకాలం దాన్నే తిట్టుకున్నాను. రంగు పాపం ఏం చేసింది?

మేముండేది ఈ ఊళ్ళోనే, సోనారి అనే పేటలో. మా ఆయనది టాటానగర్‌లో రైల్వే ఉద్యోగం, ఎప్పుడు వెళతారో ఎప్పుడు వస్తారో ఆయనకే సరిగ్గా తెలియదు. మా అమ్మాయి తొమ్మిదో తరగతి. మాతోపాటు మా మావయ్య, అంటే మా ఆయన వాళ్ళ నాన్నగారు ఉంటారు. కుర్రతనంలో శ్రీకాకుళం నుంచి వచ్చి, కార్ఖానాలో ఫిట్టర్‌గా చేరి, అందులోనే రిటైరైన మనిషి.

కార్ఖానాలో పనిచేసిన ఆ తరానికి ఒక అలవాటుంది. షిఫ్టు దిగేముందు మిషన్ని కాటన్ వేస్ట్‌తో తుడిచి మరీ దిగాలి. కాటన్ వేస్ట్ అంటే బట్టల మిల్లుల్లో మిగిలిపోయిన దారాల చిక్కుముద్ద. దాన్ని కాస్త కిరసనాయిల్లో తడిపి రుద్దితే ఇనుము మీద జిడ్డు గానీ మరక గానీ నిలవదు. మిషన్ మెరవకుండా వదిలేసి ఇంటికెళ్ళేవాడు పనివాడే కాదని వాళ్ళ లెక్క. మావయ్య ఇప్పటికీ బజార్లో ఆ ముద్దలు కొనుక్కొచ్చి సంచిలో దాచుకుంటారు. సైకిలు, కుట్టుమిషను, ఫ్యాను రెక్కలు, ఇంట్లో లోహంతో చేసింది ఏదైనా సరే, దాంతోనే తుడవాలి. పనిముట్లకి పూజ చేసే విశ్వకర్మ పూజ రోజున నా గ్యాస్ పొయ్యిని కూడా వదలరు.

ఇక ఇంటి ముందు కారొచ్చి నిలబడితే ఊరుకుంటారా? రోజూ తెల్లారి ఐదున్నరకి బకెట్ చప్పుడు వినపడేది. నేను లేచి వంటింట్లోకి వెళ్ళేసరికి ఆయన బానెట్ మీద వంగి, చెయ్యి గుండ్రంగా తిప్పుతూ రుద్దుతూ ఉండేవారు. నీళ్ళ బకెట్లో రెండు చుక్కలు కిరసనాయిలు. మూల మూలకీ చెయ్యి వెళ్ళేది. స్కూలుకి బయల్దేరే వేళకి కారు నిగనిగలాడుతూ ఉండేది. మొదట్లో నాకూ బాగానే ఉండేది, ఎందుకు అబద్ధం చెప్పాలి.

రెండేళ్ళు దాటాక ఒక చలికాలం మధ్యాహ్నం, స్కూలు ఆవరణలో ఎండలో నిలబెట్టిన కారు దగ్గరికి వెళ్ళి తాళం తియ్యబోతూ ఆగిపోయాను. బానెట్ నిండా సన్నటి గీతలు. ఒకటీ రెండూ కాదు, వందలు. సూర్యుడి వెలుగు పడ్డచోటల్లా సాలెగూడులా గుండ్రంగా చుట్టుకుని ఉన్నాయి. నలుపు నలుపులా లేదు, బూడిద పట్టినట్టు ఉంది. ఎవరో కావాలని గీకారేమో అని కూడా అనుకున్నాను.

ఆ ఆదివారమే వంతెన దాటి మాంగో అనే పేటలో కార్లకి పాలిష్ పట్టే కొట్టుకి తీసుకెళ్ళాను. కొట్టు యజమాని నడివయసు మనిషి. చిన్న టార్చ్ వేసి బానెట్ మీద ఆ చివర నుంచి ఈ చివరిదాకా చూసి తల అడ్డంగా ఊపాడు.

"మేడమ్, ఇస్కో రోజ్ రగడ్‌తా కౌన్ హై?" అన్నాడు. దీన్ని రోజూ రుద్దుతున్నది ఎవరు అని.

నా నోటికి వచ్చిన మాట "డ్రైవర్" అని. మా ఇంట్లో డ్రైవర్ లేడు, ఎప్పుడూ లేడు. కానీ మా మావయ్య అని పరాయివాడి ముందు ఎలా చెప్పను?

"తో డ్రైవర్ బదల్ దీజియే," అన్నాడు తేలిగ్గా. డ్రైవర్ని మార్చెయ్యమట. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

తర్వాత దేంతో తుడుస్తున్నారో అడిగి తెలుసుకుని, ఓపిగ్గా చెప్పాడు. ఈ ఊరి దుమ్ములో ఇనుప రజను ఉంటుంది. కడగకుండా రుద్దితే ఆ రజనే రంగు మీద గీతలు గీస్తుంది. దారాల ముద్ద అయితే దాన్ని పట్టుకుని వదలదు, మరీ ప్రమాదం. రంగు పైన గాజులాంటి పల్చటి పొర ఉంటుంది, గీతలన్నీ దాని మీదే. మిషన్తో ఆ పొరని కొంచెం అరగదీస్తే గీతలు పోతాయి, కానీ పొర కూడా తగ్గిపోతుంది. మిగిలిన సన్న గీతలకి గ్లేజ్ రాస్తారు. గ్లేజ్ గీతల్లో నిండి వాటిని కప్పేస్తుందే తప్ప మాన్పదు. దాని మీద వ్యాక్స్ పల్చగా పట్టించి, ఆరాక మెత్తటి బట్టతో తీసేస్తే మెరుపు నిలుస్తుంది, వాన నీళ్ళు ముత్యాల్లా జారిపోతాయి. కిరసనాయిలు తగిలిందా, వ్యాక్స్ పోయింది, దాని వెనకే గ్లేజూ పోయింది.

"ఒక్కసారి మిషన్ పెడతాను," అన్నాడు ఆయన హిందీలో. "ఇంకోసారి పెట్టమని రావద్దు. ఆ పొర తట్టుకోదు. ఆ తర్వాత మొత్తం మళ్ళీ పెయింట్ వేయించుకోవడమే."

సాయంత్రానికి కారు చేతికొచ్చింది. ఆ నలుపుని ఎలా చెప్పను? వంతెన మీద దీపాలు బానెట్లో ఒక్కొక్కటిగా కదిలిపోతుంటే, ముందు రోడ్డు చూడాల్సిన దాన్ని ఆ దీపాలనే చూస్తూ వచ్చాను. ఇల్లు దగ్గరపడ్డాక గుర్తొచ్చింది. తెల్లారితే ఐదున్నర.

ఆ రాత్రే మా ఆయనతో చెప్పాను. "ఏటండీ, మీ నాన్నగారికి మీరే సెప్పాల. కారు తుడవొద్దని."

"నానేటి సెప్తాను? మనసు కట్టపెట్టుకుంటాడు. ఉన్నదాయనకి ఆ ఒక్క పనేను."

"అయితే నా కారు నాశనమైపోవాలా?"

"నీ కారు కదా, నువ్వే సెప్పు," అని పక్కకి తిరిగి పడుకున్నారు. అమ్మాయి అయితే ఫోన్లోంచి తలెత్తకుండానే "మమ్మీ, దాదాజీ కో బోల్ దో నా, సింపుల్" అంది. తాతయ్యతో చెప్పెయ్యాలట, అంతే. పెళ్ళై వచ్చినప్పటి నుంచి మావయ్యకి ఎదురుగా కుర్చీలో కూడా సరిగ్గా కూర్చోని దాన్ని. ఆయన కూడా నన్ను ఒక్క మాట అనలేదు. ఉద్యోగం చేస్తానంటే అప్పుడు బతికున్న అత్తయ్యతో వాదించి మరీ పంపించిన మనిషి. అలాంటి మనిషితో "మీరు నా కారు పాడుచేశారు" అని ఏ నోటితో అంటాను?

అనలేక అడ్డదారులు తొక్కాను. మైక్రోఫైబర్ బట్టలు అరడజను తెచ్చి, "మావయ్యా, ఇవి కొత్తగా వచ్చాయట, చాలా మెత్తగా ఉంటాయి" అని చేతికిచ్చాను. ఆయన వేళ్ళతో నలిపి చూసి, మెచ్చుకుని, కళ్ళజోడు తుడుచుకోవడానికి ఒకటి జేబులో పెట్టుకున్నారు. మిగతావి టీవీ మీద కప్పారు. కారుకి మళ్ళీ దారాల ముద్దే. ఆ సంచిని మంచం కింద పరుపుచుట్ట వెనక దాచేశాను. మర్నాడు బజారుకి వెళ్ళి ఇంకా పెద్ద సంచి తెచ్చుకున్నారు. కారుకి కవర్ కొన్నాను. కవర్ విప్పి, మడతలు పెట్టి, కారు తుడిచి, కవర్ని కూడా తుడిచి మళ్ళీ కప్పారు. ఒళ్ళు మండిపోయి ఒక రాత్రి కారుని రెండు వీధుల అవతల నా స్నేహితురాలి ఇంటి ముందు పెట్టి వచ్చాను. పొద్దున్న ఆవిడ ఫోన్ చేసి తెగ మురిసిపోయింది. మీ మావగారు బకెట్ పట్టుకుని కారు వెతుక్కుంటూ ఇంత దూరం నడిచి వచ్చారు, మీ కారుతోపాటు మా కారు కూడా తుడిచి వెళ్ళారు, ఎంత మంచివారు అని. నేను ఫోన్ పట్టుకుని గోడకి ఆనుకుని నిలబడిపోయాను.

నెల తిరక్కుండానే గీతలు మళ్ళీ కనపడటం మొదలుపెట్టాయి. మాంగో ఆయన మాట గుర్తొస్తే స్కూల్లో పాఠం కూడా సరిగ్గా చెప్పలేకపోయేదాన్ని. ఇంకోసారి మిషన్ పెట్టే వీలు లేదు కదా. మిగిలింది గ్లేజూ, వ్యాక్సూ. అవి కొని తెచ్చి, ఒక ఆదివారం మావయ్య బంధువుల ఇంటికి సీతారాండేరా వెళ్ళిన పూట, కారుని నీడకి జరిపి పనికి కూర్చున్నాను. ముందు షాంపూతో రెండుసార్లు కడిగాను. నీళ్ళు ఆరనిచ్చాను. గ్లేజ్ స్పంజి మీద వేసుకుని ఒక్కో తలుపుకీ మెల్లగా రాశాను. అది పట్టాక వ్యాక్స్. మసకబారేదాకా ఆగి, మెత్తటి బట్టతో తీశాను. మధ్యాహ్నం రెండయింది. భుజాలు లాగేశాయి, అన్నం కలుపుకోవడానికి చెయ్యి లేవలేదు. కానీ బానెట్లో నా మొహం నాకు కనపడింది. చెంబుడు నీళ్ళు పోసి చూశాను, గుండ్రటి చుక్కలై జారిపోయాయి. చిన్నపిల్లలా మూడుసార్లు పోసి చూసుకున్నాను.

సోమవారం ఐదున్నరకి బకెట్ చప్పుడైంది. కప్పుకున్న దుప్పటి తన్నేసి వీధిలోకి పరిగెత్తాను. ఆయన అప్పటికే సగం బానెట్ తుడిచేశారు. తుడిచినంతమేరా నీళ్ళు చుక్కలు కట్టకుండా పలచగా పరుచుకుని ఉన్నాయి. ఆదివారం పొద్దంతా నేను పడ్డ చాకిరీ బకెట్లో జిడ్డుగా తేలుతోంది. ఇన్నేళ్ళ భయం, మర్యాద ఒక్క క్షణంలో ఎటుపోయాయో తెలియదు.

"ఆపండి మావయ్యా! ఇంక ఆపండి! మీరు తుడవబట్టే ఇది పాడైపోయింది!"

వీధిలో పాలవాడు సైకిలాపి చూశాడు. మావయ్య చెయ్యి బానెట్ మీదే ఆగిపోయింది. నేను ఆగలేదు. ఇనుప రజను, గీతలు, పల్చటి పొర, గ్లేజు, వ్యాక్సు, కిరసనాయిలు అన్నీ ఏడుపు గొంతుతో చెప్పేశాను. డ్రైవర్ని మార్చమన్నాడని కూడా చెప్పేశాను. నా నోటిని నేనే నమ్మలేకపోయాను.

ఆయన చేతిలో ముద్దని బకెట్లో పడేశారు. లోపలికి వెళ్ళి టార్చ్ తెచ్చారు. కళ్ళజోడు సర్దుకుని బానెట్ మీదకి వంగి, వెలుగు వాలుగా వేసి చూశారు. ఫిట్టర్ కదా, చూడాల్సింది ఎలా చూడాలో ఎవరూ చెప్పక్కర్లేదు. తను రుద్దేటట్టే వేలు గాలిలో గుండ్రంగా తిప్పి, గీతల మీద అదే తిప్పు తిప్పారు. రెండూ సరిపోయాయి.

"నా సెయ్యే ఇది," అన్నారు. తలెత్తారు. "ఇన్నాళ్ళూ సెప్పలేదేటమ్మా?"

"మీకిష్టమైన పని కదా మావయ్యా. ఎలా చెప్పమంటారు?"

ఆయన నన్ను వింతగా చూశారు. "నాకిట్టమేటి? కారు కొన్న మర్నాడు ఓపాలి తుడిసేను. నువ్వొచ్చి సూసి, మీ సెయ్యి పడితే అద్దంలాగుంది మావయ్యా, రోజూ ఇలాగే ఉండాల అన్నావు. కోడలు నన్నెప్పుడూ ఏటీ అడగలేదు, అడిగిందొక్కటీ, అదీ సెయ్యలేనా అనుకున్నాను. ఈ మోకాళ్ళతోటి వంగలేక సచ్చిపోతన్నాను. సలికాలమయితే సేతేళ్ళు కొంకర్లు పోతన్నాయి. మానేత్తే నువ్వేటనుకుంటావో అని."

అన్నాను. ఆ మాట నేను అన్నాను. చేతిలో టీ గ్లాసుతో, స్కూలుకి ఆలస్యమవుతుంటే, పెద్దాయన సంతోషిస్తారని నోటికొచ్చిన మంచి మాట ఒకటి అనేసి వెళ్ళిపోయాను. అన్నట్టు కూడా నాకు అప్పటిదాకా గుర్తులేదు. దాన్ని పట్టుకుని ఆయన మూడు చలికాలాలు ఐదున్నరకి లేచారు. ఆయన మీద నాకు వచ్చిన కోపం ఎంతుందో అంతా తిరిగి నా మీదకే వచ్చిపడింది. కారు వంక చూడబుద్ధి కాలేదు.

మావయ్య దారాల ముద్దని నీళ్ళలోంచి తీసి గట్టిగా పిండారు. బకెట్ అంచు పట్టుకుని, మోకాలి మీద చెయ్యి ఊని, రెండు విడతల్లో పైకి లేచారు. గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగారు.

"అయితే అమ్మా, రేపట్నించి నాను కూసింత సేపు పడుకోవచ్చునా?" అని నన్ను అడిగారు.