నాలుగింతల వేడి

తొమ్మిదేళ్లుగా ఒక మాట గొంతుకు అడ్డం పడి ఉంది. మింగలేను, కక్కలేను. పేరు చెప్పుకునే ధైర్యం ఇప్పటికీ లేదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టే మీకు చెబుతున్నాను.

ఇందుకూరుపేట వైపు ఒక ఊళ్లో పదో తరగతికి ఫిజిక్స్ చెబుతాను. అప్పట్లో సముద్రం పక్కన ఒక రొయ్యల గుంట కౌలుకు చేసేవాణ్ణి. కాపలాకు పెంచలయ్య ఉండేవాడు. రాత్రంతా గట్టు మీద తిరిగి, పగలు తాటాకు కొట్టంలో నిద్రపోయేవాడు. గుంటలో నీళ్లు చిలికే ఏరేటర్లకు కరెంటు తీగ ఆ కొట్టం లోపలి నుంచే పోయేది.

ఆ ఏడు ఆశపడి గుంటలో రొయ్య పిల్లల్ని ఎక్కువ వదిలాను. రెండు ఏరేటర్లు చాలక, అదే పాత తీగకు ఇంకో రెండు తగిలించాను. మాటిమాటికీ ఫ్యూజు పోతుంటే, ఇక పోకుండా రాగి పోగులు నాలుగు మెలిపెట్టి అందులో బిగించాను. మా వైపు అందరూ చేసేదే. కానీ కరెంటు రెట్టింపైతే తీగలో పుట్టే వేడి నాలుగింతలవుతుందని ఏటా బోర్డు మీద రాసేది నేనే కదా? లెక్క వేయలేదని కూడా అనలేను. చాక్‌పీసుల పెట్టె మీదే వేసి చూశాను. తీగ తట్టుకోదని తేలింది. మార్చాలంటే ఒక పూట ఏరేటర్లు ఆపాలి. మబ్బులు పట్టిన రోజులు, ఆపితే గాలందక రొయ్యలు చచ్చి తేలతాయి. పది రోజుల్లో ఎలాగూ పట్టేస్తాం, అంతవరకు ఏమవుతుందిలే అనుకున్నాను.

ఒక ఆదివారం ఉదయం నేను గుంట దగ్గరుంటే పెంచలయ్య వచ్చాడు.

"సార్, తీగ కాలిపోతా ఉండాది. చెయ్యి పెట్టలేకుండా ఉండా."

"ఏం కాదులే. నాకు తెలీదా?"

"మీకు తెలీందేముంది సార్," అని పోయి పడుకున్నాడు.

మధ్యాహ్నం కొట్టం అంటుకుంది. అతను బయటికి రాలేదు.

అందరూ మంటల దగ్గరికి పరుగెడుతుంటే నేను స్తంభం దగ్గరి ఫ్యూజు పెట్టె దగ్గరికి పరుగెత్తాను. రాగి పోగులు పీకి జేబులో వేసుకున్నాను. పోలీసులు అడిగితే, "బీడీలు తాగేవాడండీ," అన్నాను. తాగేవాడే, అబద్ధం కాదు. ఛీ! నన్ను చెప్పుతో కొట్టినా పాపం లేదు.

పెద్దకర్మ రోజు అతని భార్య రమణమ్మ నా కాళ్ల దగ్గర కూలబడింది. "ఆ పొద్దు బీడీకట్ట కొనిచ్చింది నేనే సార్. నా మొగుణ్ణి నేనే చంపుకున్నా," అని నెత్తి బాదుకుంది. అప్పుడైనా నోరు తెరవొచ్చు కదా? "ఊరుకో రమణమ్మా," అన్నాను. అంతే అన్నాను.

ఇప్పుడామె రొయ్యలు ఒలిచే షెడ్డులో కూలికి పోతోంది. ఎదురుపడితే ఇప్పటికీ నమస్కారం పెడుతుంది. తానే చంపానని ఇప్పటికీ నమ్ముతోంది.

ఆమె చంపలేదు. పెంచలయ్యను చంపింది నేను. తెలిసి చంపాను.

రాశాక కాస్త ఊపిరి ఆడుతోంది, నిజమే చెబుతున్నాను. రమణమ్మకు చదవడం రాదు. అది తెలిసే రాశానేమో.