చెట్టుకు చెప్పి కొట్టేవాడు

నా కొడుకు పోయాడు. కట్టెల డిపోలో లారీ గొలుసు విప్పితే దుంగలు జారి మీద పడ్డాయి. విప్పినవాడు తప్పుకోమని ఒక్క కేక వేయలేదు. కబురు తెచ్చిన మేస్త్రీ నా గుమ్మంలో నిలబడి, "ఆయుసు అంతేమ్మా" అన్నాడు.

"ఆయుసు కాదు, మీకు నోళ్లు పడిపోయినాయి" అని తలుపు వేసేశాను.

నా కళ్లు ఆరకముందే సినిమావాళ్లు దండ పట్టుకుని వచ్చారు. అవును, నా కొడుకు సినిమాలో ఉన్నాడు. యుద్ధం కాలంలో పెట్రోలు దొరక్క బస్సులు బొగ్గుతో నడిచేవట. ఆ బొగ్గు కోసం అడవిలో చెట్లు కొట్టిన కూలీల కథ. చేతిలో డబ్బుల్లేని సినిమా. అంతా సత్యవేడు పక్క తోపులోనే తీశారు. తిరుచానూరు లాడ్జి గుమాస్తాకు ముఖాన పౌడరు కొట్టి తెల్లదొరను చేశారు. హీరోకేమో గొడ్డలి పట్టడం రాదు. నాలుగు దెబ్బలకే అరచేతులు బొబ్బలెక్కాయని కూర్చున్నాడు. అందుకని నా కొడుకును పిలిచారు. చేతులు వీడివి, వీపు వీడిది, ముఖం ఆయనది.

సద్ది తీసుకుని పోయి నేనూ చూశాను. వేటు వేసే ముందు నా కొడుకు గొడ్డలిని తిప్పి, మొద్దువైపుతో మానును తట్టి కాసేపు ఆగుతాడు. మొదటి నుంచీ వాడంతే. ఇంట్లో కోళ్ల గంప ఎత్తాలన్నా ముందు వేలితో తట్టేవాడు.

డైరెక్టరు కసిరాడు. "ఏం చేస్తున్నావయ్యా? ఎండ పోతోంది, కొట్టు!"

"ఉండు సార్. పైన గూళ్లుంటాయి. సెప్పకుండా కొడితే ఎట్లా?"

అందరూ నవ్వారు. వాడూ కెమెరా వైపు తిరిగి నిండుగా నవ్వాడు. "ఇది బాగుంది, ఉంచుతాం" అన్నాడు డైరెక్టరు. ఆ ఒక్క మాట పట్టుకుని వాడు వీధి వీధంతా చెప్పుకున్నాడు. ఇంటికొచ్చి నాతోనూ అన్నాడు, "మా, నా మొగం పడతాది సూడు. తిరపతికి పోయి సూద్దాం."

పోయి చూశాం. ముఖం పడలేదు. వాడు నా చెయ్యి నొక్కి, "వీపు బాగుండాది కదమా" అన్నాడు. వాడికి కోపం తెలియదు. నాకు తెలుసు.

వాడి ఫోను కూడా ఆ దుంగల కిందే నుజ్జయింది. పటం కట్టిద్దామంటే ఆధార్ కార్డులో బిగుసుకుపోయిన ముఖం తప్ప ఇంకోటి లేదు. అందుకే డైరెక్టరును అడిగాను.

"దండ వద్దు. నా కొడుకు నవ్విన ముక్క ఇచ్చేయి నాయనా."

"అది అప్పుడే తీసేశామమ్మా, ఇప్పుడు లేదు. అయినా మీవాడు మా సినిమాలో ఎప్పటికీ బతికే ఉంటాడు."

"యాడ బతికుండాడు? వీపు బతికుంటే సాలునా? ఈ దండ నీ హీరోకే ఏసుకో, పో!"

దండను వీధిలోకి విసిరేశాను. పక్కింటామె, "ఇంటికి వచ్చినోళ్లను అట్లా అనచ్చునా అక్కా?" అంది. అంటాను. పిట్టలకు కూడా చెప్పి కొట్టినవాడికి ఎవరూ చెప్పలేదు. నన్ను మర్యాద అడగవద్దు.

మీలో ఎవరైనా ఆ సినిమా చూస్తే హీరోను మెచ్చుకోకండి. మానును తట్టే చేతిని చూడండి. అది నా కొడుకు చెయ్యి.

పక్కింటామె ఫోనులో నేను అదొక్కటే పెట్టించుకుని చూస్తాను. వాడు మానును తడతాడు. ఆగుతాడు. కొమ్మల్లోంచి పిట్టలు లేచిపోతాయి. వాడి మెడ ఇటు తిరుగుతుంది. చెవి కనిపిస్తుంది, చెంప కొంచెం కనిపిస్తుంది. అంతలో హీరో ముఖం వచ్చేస్తుంది.