నక్కలకు చోటు

ఉదయం ఏడూ ఇరవైకి రేపల్లె బండి తెనాలి స్టేషన్‌లో ఆగింది. మా అక్క భర్త దిగాడు. చేతిలో తువ్వాలు చుట్టిన ప్లాస్టర్ అచ్చు. మడ అడవి బురదలో, చేపలు పట్టి తినే బావురుపిల్లి వేసిన అడుగు అది. నేను అప్పటికే బాపట్ల నుంచి వచ్చి బెంచీ మీద కూర్చున్నాను, వట్టి చేతులతో.

"ఏంటోయ్ బావమరిదీ, నీ నక్కలు రాలేదేం?"

"రాత్రంతా కూసి ఇప్పుడే పడుకున్నాయి బావా."

వన్యప్రాణుల చట్టం వచ్చిన కొత్త. మేమిద్దరం సైన్సు మాస్టర్లం. తెనాలిలో బస చేసిన అటవీ అధికారి, మా ప్రాంతపు అడవి జంతువుల కోసం అన్నిటికంటే ముందు కాపాడవలసిన చోటు చెప్పమని మమ్మల్ని పిలిపించారు. బావ రేపల్లె దిగువ మడ అడవి అన్నాడు. నేను బాపట్ల ఇసుక దిబ్బల మీది మొగలి పొదలు అన్నాను. వాటిని కొట్టి జీడితోటలు వేస్తున్నారు. పొదలు పోతే నక్కలు ఉండవు.

అధికారి అచ్చును రెండు చేతులా పట్టుకుని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళారు. చాలాసేపు చూశారు. తర్వాత నావైపు తిరిగారు.

"నక్కలు అంతటా ఉన్నాయి కదండీ."

"అంతటా ఉన్నాయని ఎక్కడా కాపాడకపోతే ఎలాగండీ?"

"నిజమేనండి. కానీ ఈసారికి ఒక్క చోటే రాయాలి. ఈ పిల్లికి మడ తప్ప వేరే దారి లేదండి."

పటం మీద రేపల్లె కింద ఎర్ర పెన్సిలుతో సున్నా చుట్టారు. ఆయన చెప్పినదాంట్లో తప్పు లేదు. నాకు మాత్రం కడుపు మండిపోయింది.

బయటికొచ్చాక, "నక్క తోక తొక్కావు బావా" అన్నాను.

"నీ నక్కదేనోయ్. నిన్ను దగ్గరికి రానివ్వకపోతే నేనేం చెయ్యను?" అని పగలబడి నవ్వి, టిఫిన్ తనే పెట్టించాడు.

ఆ తర్వాత అక్క ఏ మాట మొదలుపెట్టినా మడ అడవి దగ్గరికే వెళ్ళేది. అధికారులు బావని పడవలో తీసుకెళ్ళారట, అన్నీ ఆయన్నే అడిగారట. ఆ దశాబ్దం ముగిసేలోపే మా దిబ్బలు చదునయ్యాయి.

బావ పోయినప్పుడు పాడె మోసినవాళ్ళలో నేనూ ఉన్నాను. సంతాప సభలో ఎవరో ఆ మడ ఆయన చలవే అన్నారు. అప్పటిదాకా ఆగని కన్నీళ్ళు ఆ మాటకు ఆగిపోయాయి. ఇప్పటికీ ఎవరైనా ఆ చోటి ఊసెత్తితే మాట మారుస్తాను.

బాపట్ల వైపు వేరుశనగ కాయ ఊరేటప్పుడు నక్కలు తవ్వి తినకుండా చేలల్లో రాత్రి కాపలా ఉండేవారు. ఇప్పుడు ఎవరూ ఉండటం లేదు.