దయ్యం కట్టుకున్న చీర

దసరా సెలవుల్లో మా అక్క ఊరు వనపర్తికి పోయినప్పుడు, పిల్లల కోసం తీసిన దయ్యం సినిమా ఆడుతోందంటే చూడబోయాం. నేనూ, మా ఆయనా, మూడో తరగతి చదివే మా కూతురూ. నాకు అంతసేపు కుర్చీలో కూర్చోవడం చేతకాదు. మగ్గం దగ్గరైతే పొద్దంతా కూర్చుంటాను, అక్కడ చేతులూ కాళ్ళూ ఆడుతుంటాయి. ఇక్కడేమో ఊరికే కూర్చుని, ఎవరో భయపెడుతుంటే భయపడాలట.

సినిమాలో పాత బంగళా, అందులో ఒక ముసలి దయ్యం. మంచిదే, పిల్లలకు వండి పెడుతుంది, కాకపోతే గోడల్లోంచి వస్తుంది. హాల్లో పిల్లలంతా అరుస్తూనే నవ్వుతున్నారు. నా కళ్ళు మాత్రం దయ్యం చీర మీదే ఉన్నాయి. గద్వాల చీర. ఒళ్ళంతా మిరపపండు ఎరుపు నూలు, ఆకుపచ్చ పట్టంచు. దయ్యం మెట్లెక్కుతూ అటు తిరిగింది. నూలుకు పట్టుకొంగు అతికిన చోట సన్నని పసుపు గీత కనబడింది. ఆ గీత నేనే వేస్తాను. చీరలు తీసుకుపోయే సేటు వద్దన్నా వేస్తాను, చేతికి అలవాటైపోయింది. నా గుండె దడదడలాడింది, భయంతో కాదు.

"చూడు బిడ్డా, గది మన చీరనే. నేనే నేసిన" అన్నాను కూతురి చెవిలో.

పిల్ల నవ్వడం ఆపేసింది.

మర్నాడు మా ఊరు గద్వాలకు తిరిగొచ్చే బస్సులో నన్ను ఊపిరి తీసుకోనివ్వలేదు.

"గా దయ్యం మనింటికొచ్చి కొనుక్కున్నదా?"

"లేదు, సేటు తీస్కపోయిండు."

"గది దయ్యమని సేటుకు తెల్సా?"

మా ఆయన కిటికీ వైపు తిరిగి నవ్వుకున్నాడు. నేనూ నవ్వాను. మా నవ్వు ఆ బస్సు వరకే.

బడి నుంచి రాగానే నా పక్కన, మగ్గం గుంట గట్టు మీద కూర్చుని రాసుకునే పిల్ల, ఇంటికొచ్చాక ఆ గదిలో అడుగుపెట్టలేదు. గడప అవతలే నిలబడి చీర ఎంతవరకు వచ్చిందో చూసేది. ఈ చీర అయిపోతే తీసుకుపోవడానికి దయ్యం వస్తుందని తన లెక్క. నేను పోగు చుట్టిన నాడె విసిరినప్పుడల్లా మొహం చిన్నబుచ్చుకునేది. అన్నం సగంలో లేచిపోయేది. దాంతో నా చేతులూ కుదురు తప్పాయి. పోగు తెగేది, అతికేదాన్ని, మళ్ళీ తెగేది. అదే మగ్గం మీద అవతలి అంచు నేసే మా ఆయన మీద ఊరికే కసురుకునేదాన్ని.

చివరికి మిగిలిన కొంగు మొదలుపెట్టబోయిన పూట పిల్ల పరుగెత్తుకొచ్చి మగ్గం కట్టెను రెండు చేతులా పట్టుకుంది.

"నెయ్యకమ్మా. అయిపోతే ఒస్తది."



"మనది కాదని చెప్పరాదే. ఒక్క మాటతోని అయిపోతది" అన్నాడు మా ఆయన.

నాకు ఒళ్ళు మండింది. ఆయనకేం, అనేస్తాడు. పెళ్ళైనప్పటి నుంచీ నేస్తున్నాను. ఈ గడప దాటిన ఒక్క చీరైనా ఎవరు కట్టుకున్నారో నేను చూడలేదు. చూసింది ఇదొక్కటే. దయ్యమైతేనేం, ఎంత చక్కగా కట్టుకుంది, కుచ్చిళ్ళు ఎంత బాగా పడ్డాయి. వాడంతా చెప్పుకుని తిరగాలనుకున్నాను. దాన్ని నా నోటితో కాదనమంటాడు.

పిల్ల ఇంకా కట్టె వదల్లేదు.

"గది మనది కాదు బిడ్డా. నేనే సరిగ్గ చూడలే."

"మరి పసుపు గీత?"

"వేరేటోళ్ళు గూడ ఏస్తరు."

"ఒట్టు?"

"ఒట్టు."

నా మొహంలోకి చాలాసేపు చూసింది. తర్వాత కట్టె వదిలి, పుస్తకాల సంచి తెచ్చుకుని గట్టు మీద తన చోట్లో కూర్చుంది. నాకు ప్రాణం లేచొచ్చింది. ఏడుపు కూడా వచ్చింది, మింగేసి నాడె అందుకున్నాను.

కాసేపటికి పిల్ల రాస్తూ రాస్తూ తలెత్తింది.

"మరి మన చీరలు ఎవరు కట్టుకుంటరమ్మా?"

ఏం చెప్తానోనని మా ఆయన నా వైపు చూశాడు.

"తెల్వదు బిడ్డా. రాసుకో" అన్నాను.