నిన్న ఏమెక్కించినవ్?

మా మేనత్త పోయింది. హాలియాకు దగ్గర్లోని తన ఊళ్లో పుదీనా పండించి, అమ్ముకుని బతికిన మనిషి. పోయిన నెల ఒకరోజు పొద్దున హైదరాబాద్‌లో నేను ఆఫీసుకు తయారవుతుంటే, వాళ్ల వాడకట్టులో ఆటో ట్రాలీ నడిపే అన్న ఫోన్ చేశాడు. “చెల్లె, అత్త ఇగ లేదు. నిద్రలనే పోయింది. జర నిమ్మలంగ రా,” అన్నాడు. ఫోన్ పెట్టేసి ఫ్రిజ్ తెరిచాను. ఎందుకు తెరిచానో నాకే తెలియదు. ముందటి వారం ఆమె పంపిన పుదీనా కట్ట తడిగుడ్డలో చుట్టినట్టే ఉంది. ఆకు ఇంకా పచ్చగానే ఉంది. అక్కడే నిలబడి ఏడ్చాను.

మాది కల్వకుర్తి వైపు మెట్ట ఊరు. తెలంగాణ వచ్చిన ఏడాది నా పదో తరగతి అయిపోయింది. “మా అక్క కాడుంటే నాకు ఫికరుండది,” అని నాయిన నన్ను తెచ్చి మేనత్త ఇంట్లో దింపాడు. మామ అప్పటికే లేడు, ఆమెకు పిల్లలు లేరు. కాలువ నీళ్లు పారే అర ఎకరంలో పుదీనా మళ్లు ఉండేవి. మడి గట్టు మీద కూర్చుని కట్టలు కట్టడం నా మొదటి చదువు. ఇంటర్, డిగ్రీ ఆ తర్వాతివి.

ఆ వాడకట్టులో ఆమెతో కలిపి ఐదుగురు ఆడవాళ్లు పుదీనా వేసేవారు. తెల్లవారకముందే కోసి, ఒకే ట్రాలీని కిరాయికి మాట్లాడుకుని మిర్యాలగూడ మార్కెట్‌కు పంపేవారు. ట్రాలీ నడిపే అన్న ఆ ఐదుగురిలో ఒకామెకు ఇల్లరికపు అల్లుడు. అందుకని వాడకట్టు మొత్తానికి అల్లుడే. అల్లుడిని ఎదురుగా నిలబెట్టి ప్రశ్నలు అడగడం ఆ ఊళ్లో మర్యాద కాదు. ఆయన సొంత అత్తగారైతే కొంగు నెత్తిమీదికి లాక్కుని, పక్కకు తిరిగి, గోడతో చెప్పినట్టు చెప్పేది: “అన్నం పెట్టిన అని చెప్పుండ్రి.” ఎవరితో చెప్పమంటుందో గోడకే తెలియాలి.

ఈ మర్యాదే ఒకసారి కొంప ముంచింది. నేను అక్కడికి వెళ్లిన మొదటి ఎండాకాలం. ఒక కోతకు ముందురోజు అల్లుడు ట్రాలీలో పురుగుమందు డబ్బాలు వేశాడు. ఒక డబ్బా కారింది. ఆయన పైపైన నీళ్లు కొట్టి, ఆరిందనుకున్నాడు. ఏదో వాసన వస్తోందని ఐదుగురికీ తెలుస్తూనే ఉంది. కానీ అల్లుడిని ఎట్లా అడుగుతారు? ఒకరి మొహం ఒకరు చూసుకుని ఎక్కించేశారు. మార్కెట్లో మొదటి కట్ట ముక్కు దగ్గర పెట్టుకున్న వ్యాపారి మొత్తం వాపస్ పంపాడు. ఆ రోజు కోసిన ఆకంతా గుంత తీసి పూడ్చారు. పశువులకు వేయడానికి కూడా భయమే.

పూడ్చిపెట్టి వచ్చి మేనత్త చాలాసేపు చేతులు కడుక్కుంది. తర్వాత నాతో అంది: “మందు కంపు నాకు తెల్వదానె? తెలుసు. నోరు రాలే. గీ మర్యాద పాడుగాను, ఇంటికాడ ఉండాలె గని ట్రాలీ కాడెందుకే?”

మర్నాడు ట్రాలీ వచ్చి ఆగగానే ఆమె ముందుకు వెళ్లి, అల్లుడి మొహం చూస్తూ అడిగింది: “అల్లుడా, నిన్న ఏమెక్కించినవ్?” మిగతా నలుగురూ కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. ఆయన సిగ్గుపడుతూ, “వడ్ల బస్తాలత్తా,” అన్నాడు. ఆమె నడుం వంచి ట్రాలీలో తలపెట్టి వాసన చూసింది. మూల మూలకూ చూసింది. ఆ తర్వాతే కట్ట ఎక్కింది. నేను ఆ ఇంట్లో ఉన్న ఐదేళ్లలో ఒక్క పొద్దున కూడా ఆ ప్రశ్న తప్పలేదు. మొదట్లో అల్లుడు మొహం మాడ్చుకునేవాడు. రానురాను ట్రాలీ దిగుతూనే తనే చెప్పడం మొదలుపెట్టాడు. అయినా ఆమె అడగడం మానలేదు.

ఇదే ప్రశ్నను ఆమె మనుషులనూ అడిగేది. కడుపు బాగాలేదని ఎవరైనా వస్తే వెంటనే ఆకు చేతిలో పెట్టేది కాదు. “నిన్న ఏం తిన్నవ్?” అని మొదలుపెట్టి, నాలుక చూసి, కళ్లు చూసి అప్పుడు మడిలోకి దిగేది. తిన్నది అరగక కడుపు ఉబ్బితే గుప్పెడు ఆకు వేడినీళ్లలో వేసి మూతపెట్టి, గోరువెచ్చగా తాగమనేది. ఎండకు తిరిగి వాంతికి వస్తున్నట్టుంటే పల్చటి మజ్జిగలో ఆకు నలిపి, ఉప్పేసి ఇచ్చేది. జ్వరం తగ్గాక నోరు చేదుగా ఉన్నవాళ్లకు పుదీనా పచ్చడి. పడిశం పట్టిన పెద్దవాళ్లకు ఆవిరి. “పసిపోరగాండ్ల ముక్కు కాడికి మాత్రం తేవొద్దు, ఊపిరాడది,” అని గట్టిగా చెప్పేది. ఛాతీలో మంట ఉన్నవాళ్లకైతే అసలు ఇచ్చేది కాదు. “కొందరికి పుదీనతోని మంట ఇంక ఎక్కువైతది. నేను తిని చూసిన, నాకే అయింది,” అనేది. దవాఖాన గోలీలు ఆపి ఆకు తింటామంటే మాత్రం ఆమె నోటికి అడ్డు ఉండేది కాదు. ఆ తిట్లు ఇక్కడ రాయలేను.

డిగ్రీ అయ్యాక నాకు హైదరాబాద్‌లో ఓడలు కిరాయికి కుదిర్చే ఆఫీసులో ఉద్యోగం వచ్చింది. చెబితే మేనత్త కట్ట కట్టడం ఆపి చూసింది.

“హైదరాబాదుల సముద్రం ఎప్పుడొచ్చిందే?”

“సముద్రం అక్కర్లేదత్తా, అంత ఫోన్లు, కాగితాలె. సరుకున్నోళ్లకు, ఓడున్నోళ్లకు నడుమ మాట కుదుర్చుడు.”

“గదా. మాట్లాడుకునుడు ఎట్ల మరి?”

అప్పటికి నాకూ కొత్తే. పుస్తకంలో చదివింది చెప్పాను. ఇక్కడి నుంచి అక్కడికి ఈ సరుకు తీసుకుపో అని ఒక ప్రయాణానికి కుదుర్చుకోవడం ఒకటి. అందులో ఓడ నడవడానికి పోసే నూనె ఖర్చు ఓడవాడిదే. కొన్ని నెలలకో ఏడాదికో కుదుర్చుకోవడం రెండోది. ఓడ మనుషులు ఓడవాడి వాళ్లే, నూనె మాత్రం మనది, ఎటు పొమ్మంటే అటు పోతుంది. మనుషులు లేకుండా ఒట్టి ఓడనే తీసుకుని, నడిపేవాళ్లను మనమే పెట్టుకోవడం మూడోది. ఇదంతా విని ఆమె కట్టలు కట్టే నార తడుపుకుంటూ అంది: “ట్రిప్పు కిరాయి, దినం కిరాయి, డ్రైవర్ లేని బండి. గిండ్ల సదువుకునేదేమున్నది? మరి ఎక్కించేటప్పుడు ఆలిశమైతే?”

దానికీ లెక్క ఉందని చెప్పాను. ఎక్కించడానికి, దించడానికి ఇంత సమయమని ముందే రాసుకుంటారు. అది దాటితే కిరాయికి తీసుకున్నవాడు ఓడవాడికి రోజుకింత కట్టాలి. ఓడ రేవుకు చేరి, ‘వచ్చాను, ఎక్కించుకోవడానికి సిద్ధం’ అని కాగితం ఇచ్చాకే ఆ గడియారం తిరగడం మొదలవుతుంది.

“సిద్ధం అని వాడంటే అయిపాయెనా? లోపల ఎవరు తలపెట్టి చూస్తరు?”

ఆ ప్రశ్నకు జవాబు పుస్తకంలో ఉండే ఉంటుంది, నేను ఆ పేజీ దాకా పోలేదు.

జవాబు రెండో ఏడాది దొరికింది. అప్పటికింకా నా ఉద్యోగం పక్కా కాలేదు. కాకినాడ నుంచి ఆఫ్రికాకు ఉప్పుడు బియ్యం పంపడానికి ఒక ఓడను కుదురుస్తున్నాం. అందులో సగం బియ్యం మా హుజూర్‌నగర్, మిర్యాలగూడ మిల్లులవే. ఓడవాడు పంపిన కాగితంలో, ఇంతకుముందు మోసిన సరుకులేవి అన్నచోట ‘శుభ్రమైనవి’ అని ఒక్క మాట ఉంది. పేర్లు లేవు. అడుగుతానంటే మా పెద్దసారు తల అడ్డంగా ఊపాడు. “ఆయన మనకు పాత మనిషమ్మా. ఇట్లాంటివి అడిగితే నమ్మకం లేదనుకుంటాడు. మర్యాదగా ఉండదు,” అన్నాడు.

మర్యాద అన్న మాట వినగానే నాకు పూడ్చిపెట్టిన పుదీనా వాసన వచ్చింది. నిజంగానే వచ్చింది. మధ్యాహ్నమంతా భయపడుతూ కూర్చున్నాను. అడిగితే ఉద్యోగం పోవచ్చు. అడగకపోతే మా ఊళ్ల బియ్యం ఏ కంపులో పడుతుందో తెలియదు. ఇక ఉండబట్టలేక, సారుకు చెప్పకుండానే ఉత్తరం పంపాను. వెనకటి మూడు ప్రయాణాల్లో ఏమేం మోశారో పేర్లతో చెప్పండి. మా తరఫు మనిషి లోపలికి దిగి చూసి బాగుందన్నాకే సమయం లెక్క మొదలవుతుందని ఒప్పందంలో రాయండి. రెండే ముక్కలు.

ఓడవాడు ఏమీ అనుకోలేదు. మూడు పేర్లూ పంపాడు. చివరిది చేపల పొడి. శుభ్రంగా కడిగిస్తామని, రెండో ముక్కకు సరేనని రాశాడు. ఓడ కాకినాడకు వచ్చి ‘సిద్ధం’ అంది. మా తరఫున ఓడను తనిఖీ చేసే సర్వేయర్ సరుకు నింపే గదుల్లోకి దిగి చూసి, కుదరదన్నాడు. సముద్రపు నీళ్లతో, ఆ తర్వాత మంచినీళ్లతో మళ్లీ కడిగి ఆరబెట్టారు. ఆయన మళ్లీ దిగి బాగుందన్నాకే మొదటి బస్తా లోపలికి పోయింది. కడిగిన ఆ రోజులు మా లెక్కలోకి రాలేదు. సారు నన్ను పిలిచి తిట్టలేదు, మెచ్చుకోలేదు. చెప్పకుండా పంపినందుకు రెండు రోజులు మాట్లాడలేదు. తర్వాత మా ఆఫీసు నమూనా కాగితంలో ఆ ప్రశ్నను మొదటి వరుసలోకి మార్చమన్నాడు.

మేనత్తకు ఫోన్ చేసి చెప్పాను.

“చేపల పొడా? నీ అవ్వ, గండ్ల బియ్యం పోస్తుండ్రా?” అంది. తర్వాత, “అడిగితే నిన్నేమన్న తిట్టిండా ఓడాయన?”

“లేదత్తా.”

“అడుగుడు తప్పుగాదే బిడ్డా. అడిగేదాంక మనకే భయం.”

ఆ మరుసటి ఏడాది ట్రాలీ అన్న ఒక పగటిపూట చెమటలు కక్కుతూ ఆమె ఇంటికి వచ్చాడు. “గుండెల మంట అత్తా. జర పుదీన రసమియ్యి,” అన్నాడు. నిన్న ఏం తిన్నవని ఆమె అడిగింది. “నిన్నటి సంది తినబుద్ధి కాలే. చెయ్యి గుంజుతాంది,” అన్నాడు. ఆమె ఆకు వైపు కూడా చూడలేదు. “గిది నా పుదీన పని గాదు, లెవ్వు,” అని రోడ్డు మీద పోతున్న ఆటోను ఆపి, ఆయనను ఎక్కించుకుని దవాఖానకు తీసుకుపోయింది. గుండెపోటేనని, వేళకు తెచ్చారని డాక్టర్ చెప్పాడు. నెల తర్వాత అన్న నాతో నవ్వుతూ చెప్పాడు: “అత్త తలపెట్టి చూడకుంట ఎక్కిన బండి గదొక్కటే చెల్లె.”

ఆమె పోయిన రోజు నేను ఊరికి చేరేసరికి అన్న ఇంటి ముందు ట్రాలీని కడుగుతున్నాడు. శ్మశానం కాలువ అవతల, దూరం. ఆమెను ట్రాలీలోనే తీసుకుపోవాలి. నన్ను చూసి పైపు పక్కన పడేసి వచ్చాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

“నిన్న యూరియా ఏసిన చెల్లె. పొద్దుగాల సంది నాలుగుసార్లు కడిగిన. జర నువ్వు తలపెట్టి చూడు. అత్త ఉంటే చూస్తుండె.”

నడుం వంచి చూశాను. తడి ఇనుము, సబ్బు. మూల మూలకూ చూసి, “మంచిగున్నదన్నా,” అన్నాను. అప్పుడు ఎక్కించారు.

ఆ తర్వాత వారం రోజులు నేను ఊళ్లోనే ఉన్నాను. పుదీనాకు మన దుఃఖం తెలియదు, కోయకపోతే ముదిరిపోతుంది. ఐదో నాడు మిగిలిన నలుగురూ ఆమె మళ్లలోకి కూడా దిగి కోశారు. అంతకుముందు ఆమె కోసిన చోట్ల అప్పుడే చిన్న చిన్న పిలకలు కనిపిస్తున్నాయి. ట్రాలీ వచ్చి ఆగింది. అన్న దిగలేదు, నిన్న ఏమెక్కించాడో తనే చెప్పలేదు, స్టీరింగ్ పట్టుకుని ఎదురుగా చూస్తూ కూర్చున్నాడు. కట్టలు నేల మీదే ఉన్నాయి. నలుగురూ నిలబడి ఉన్నారు. అడిగే మనిషి లేదు. నేను అడుగుదామని నోరు తెరిచాను. అంతలో ఆయన సొంత అత్తగారు, ఇన్నేళ్లలో ఆయనతో ఎదురుపడి ఒక్క మాట మాట్లాడని మనిషి, కొంగు నెత్తిమీదికి లాక్కుని రెండడుగులు ముందుకు వేసింది. ఈసారి గోడ వైపు తిరగలేదు.

“నిన్న ఏమెక్కించిండ్రు?” అంది.

అన్న గబగబా కిందికి దిగాడు. “వడ్లు అత్తా, ఒట్టి వడ్లె,” అన్నాడు.

ఆమె తలూపి, ట్రాలీ అంచు పట్టుకుని లోపలికి వంగింది. బయటికి కనిపిస్తున్నవి ఆకుపసరు అంటిన ఆమె వేళ్లు మాత్రమే. మూల మూలకూ చూస్తోంది.