బొటనవేలంత జాగా

మావయ్య ఎవరిని కలిసినా ముందు మొహం చూడడు, కాళ్లు చూస్తాడు. అవతలివాళ్లు బూట్లు వేసుకున్నారో, ఇక వాళ్ల పని అయిపోయినట్టే. గభాలున వంగి, బూటు ముందుభాగాన్ని బొటనవేలితో నొక్కి, "ఇక్కడ నా వేలంత జాగా ఉండాలి. లేదు. మార్చేయండి," అని తీర్పు చెప్పేస్తాడు. పన్ను పీకే డాక్టరుకీ అదే మర్యాద. పెద్దాయన కళ్లు తిరిగి పడిపోతున్నాడనుకుని ఆ డాక్టరు పాపం, రెక్కలు పట్టుకుని కుర్చీలో పడుకోబెట్టాడు. మావయ్య పడుకునే, "మీవి ఒక సైజు తక్కువండీ," అన్నాడట.

మేనకోడలికి ఆయనంటే ప్రాణం. ఆ రోజు మాత్రం ఒళ్లు మండింది. అత్తయ్య కుడికాలి కట్టు విప్పి నెల దాటింది. నడిస్తేగానీ వాపు తీయదన్నారు. ఆవిడేమో, "ఒక కాలు లావు, ఒక కాలు సన్నం. చూసినవాళ్లు నవ్విపోరూ?" అంటూ గడప దాటడం మానేసింది. రోజూ పార్కు చుట్టూ తిరిగే మనిషి కిటికీకి అతుక్కుపోయింది. ఈ మహానుభావుడేమో బూట్లు కొనాలి, తోడు రమ్మంటాడు.

"పొద్దున్నే వెళ్లొచ్చుగా మావయ్యా?"

"సాయంత్రానికి పాదాలు కాస్త ఉబ్బుతాయే. పొద్దున సరిపోయినవి సాయంత్రం కరుస్తాయి."

షాపులో పాత బూట్లు విప్పి, జేబులోంచి సాక్సులు తీశాడు. ఎడమకాలికి ఒకటి వేశాడు. కుడికాలికి ఒకదాని మీద ఒకటి మూడు వేశాడు. షాపంతా నవ్వింది. మేనకోడలు ఆయన తనకేమీ కానట్టు గొడుగుల వైపు వెళ్లి నిలబడింది. ఆయన వేసిన ప్రతి జతతోనూ షాపంతా తిరిగాడు, మెట్లెక్కి దిగాడు, మునివేళ్ల మీద లేచాడు. మడమ జారినవి పక్కన పెట్టాడు, వెడల్పు చాలనివి పక్కన పెట్టాడు.

"వేసుకోగా వేసుకోగా అవే సాగుతాయి సార్," అన్నాడు యజమాని నీరసంగా.

"అవి సాగేలోపు మనం కుంటాలి," అన్నాడు మావయ్య, పనిలో పనిగా ఆయన బూటు కూడా నొక్కి చూస్తూ.

చివరికి ముందు వెడల్పుగా, తాళ్లు ఎంతంటే అంత వదులయ్యే జత ఒకటి కుదిరింది. ఊదారంగుది.

"ఈ రంగు మీకా?" అంది మేనకోడలు.

"బాగాలేదా?" అన్నాడాయన కంగారుగా.

ఇంటికెళ్లగానే తిన్నగా అత్తయ్య ముందు కింద కూర్చుని, ఆవిడ కాళ్లకి తొడిగాడు. ఆలుమగలిద్దరి పాదాలూ ఒకే సైజు. ఒకరి చెప్పులు ఒకరు వేసుకుపోయి ఎన్నిసార్లు పోట్లాడుకున్నారో.

"నువ్వు కునుకు తీస్తుంటే దారంతో కొలిచా. మూడు సాక్సులేస్తే సరిగ్గా నీ వాపంత అయిందే," అంటూ బొటనవేలితో నొక్కి చూశాడు. "జాగా ఉంది."

అత్తయ్య భయపడ్డ నవ్వంతా ఈయన తన కాళ్ల మీదికి తెచ్చుకుని వచ్చాడు. గొడుగుల దగ్గర నిలబడ్డందుకు మేనకోడలికి సిగ్గేసింది, ఆయన్ని చూసి నవ్వూ వచ్చింది.

అత్తయ్య మెల్లగా లేచింది. గుమ్మం దాటింది, గేటు దాటింది, వీధి మలుపు దాకా వెళ్లింది. వెనకాల మావయ్య పాత బూట్లు ఈడ్చుకుంటూ, "కాస్త నెమ్మదిగా నడవవే," అని బతిమాలుతున్నాడు.

ఆవిడ ఆగి, వెనక్కి తిరిగి ఆయన కాళ్లు చూసింది. కుడిబూటు చిల్లులోంచి బొటనవేలు తొంగి చూస్తోంది.

"మీ వేలికి జాగా మరీ ఎక్కువైనట్టుంది. రేపు సాయంత్రం షాపుకి నేనూ వస్తా," అంది. "సాక్సులు మాత్రం రెండే తెచ్చుకోండి."